పటం కట్టిన ఫార్మసిస్టు

మన ఇళ్ళలో గోడకు పటం కట్టించి పెట్టుకునే గౌరవం ఇద్దరికే దక్కుతుంది. ఒకరు దేవుళ్ళు, రెండోవారు కాలం చేసిన పెద్దలు. ఇద్దరిలోనూ ఉన్న సుగుణం ఏమిటంటే, కింద మనం ఏం చేస్తున్నా పటంలోంచి దిగివచ్చి ఇదేమిటని అడగరు. ఈ వరుసలో మూడోవారిని చేర్చిన ఘనత మాత్రం మన మందుల దుకాణాలకే దక్కాలి. ఆయన దేవుడు కాడు, చనిపోనూ లేదు. నిక్షేపంగా బతికి ఉండి, ఎక్కడో ఇంకో ఉద్యోగం చేసుకుంటూ, నెలనెలా తన సర్టిఫికెట్ మీద కిరాయి అందుకుంటూ, నల్లగొండలో మాత్రం గాజు పలక వెనుక నుంచి ప్రజారోగ్యాన్ని కాపాడుతుంటాడు. ఆయన్ని చట్టం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అంటుంది. ఈ వ్యాసం ఆయన సేవలను కొనియాడడానికి రాస్తున్నది గనుక చదువరులు దయచేసి నవ్వకూడదని మనవి.

గడియారం సెంటరుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక మెడికల్ షాపులో నాకు ఆయన దర్శనభాగ్యం కలిగింది. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన మా పెద్దమ్మ చేతిలో రెండు చీటీలు ఉన్నాయి. ఒకటి మోకాళ్ళ నొప్పులకు ఒక డాక్టరు రాసింది, ఇంకొకటి రక్తపోటుకు మరో డాక్టరు రాసింది. ఒకరు రాసిన సంగతి ఇంకొకరికి తెలియదు. మొదటి చీటీలో ఎసిక్లోఫెనాక్ ఉంది. రెండో చీటీలో టెల్మిసార్టాన్‌కు నీరు తీసే మందు కలిపిన మాత్ర ఉంది. ఈ రెండు రకాల గోలీలూ కలిపి నెలల తరబడి వేసుకోవచ్చునా అని అడగడమే నేను చేసిన నేరం. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో, చేతిలో కత్తెర ఆడుతూనే ఉంది. "ఏం గాదు సార్, అందరూ ఏస్కుంటనే ఉన్నరు" అని అభయమిచ్చాడు. ఒకసారి ఫార్మసిస్టుగారిని అడిగి చెప్పు తమ్మీ అన్నాను. అతడు కత్తెర పక్కన పెట్టి, ఇంత చిన్న విషయానికి ఆయన్ని కష్టపెట్టాలా అన్నట్టు నన్ను చూసి, గోడ వైపు గడ్డం ఎత్తి, "అగో, ఆడున్నడు గద సార్" అన్నాడు.

ఉన్నాడు, కాదనలేను. యాదగిరిగుట్ట నరసింహస్వామికీ ధనలక్ష్మికీ నడుమ, ఫారం 20, ఫారం 21 లైసెన్సుల పక్కన, సన్నని నల్లని చట్రంలో ఉన్నాడు. పట్టా పుచ్చుకున్న కొత్తలో దిగిన ఫొటో కాబోలు, జుట్టు దట్టంగా ఉంది, కళ్ళలో లోకానికి ఏదో మేలు చేయాలన్న ఉత్సాహం కూడా ఉంది. శుక్రవారం పూజ చేసే చేయి పటానికీ పటానికీ తేడా చూడదు గనుక ఆయన నుదుటి మీదా ఒక కుంకుమ బొట్టు, చట్రం మీదా ఒక చామంతి పువ్వు ఉన్నాయి. అగరొత్తి పొగ ముగ్గురికీ సమానంగా అందుతున్నది. లైసెన్సును ప్రజలకు కనిపించేచోట పెట్టాలన్నది నియమం. మనవాళ్ళు నియమం కన్నా ఒక అడుగు ముందుకు వేసి మనిషినే అక్కడ పెట్టారు. అయినా వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. చిల్లర మందుల దుకాణానికి కనీసం పది చదరపు మీటర్ల జాగా ఉండాలంటారు. ఆ పది మీటర్లలో అరలు, ఫ్రిజ్, గల్లాపెట్టె, బిస్కెట్ల స్టాండు, పసిపిల్లల డైపర్ల గుట్ట పోగా మనిషి నిలబడడానికి చోటెక్కడ మిగులుతుంది? గోడ మాత్రం ఖాళీగానే ఉంది.

మా పెద్దమ్మ లోకం పోకడ ఎరుగని మనిషి. పటం వైపు తిరిగి చేతులు జోడించి, "గీ సారు ఎప్పుడు పోయిండు బిడ్డా?" అని జాలిగా అడిగింది. "పోలే అవ్వా, హైదరాబాదుల ఉన్నడు" అని కుర్రవాడు చెప్పాడు. బతికున్న మనిషికి బొట్టు పెట్టి పువ్వు పెట్టడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. నాకు బాగా అర్థమైంది గాని, వివరించే ఓపిక లేకపోయింది.

ఇంతకూ పటం దిగివచ్చి ఉంటే ఆయన చెప్పవలసింది రెండు ముక్కలే. ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పుల గోలీలు రక్తపోటును పెంచుతాయి, రక్తపోటు మందు చేసే పనిని మందగింపజేస్తాయి. టెల్మిసార్టాన్, నీరు తీసే మందు, నొప్పుల గోలి, ఈ మూడూ ఒకే ఒంట్లో కలిస్తే మూత్రపిండాల మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది, ముసలితనంలో అది మరీ ప్రమాదం. ఈ సంగతి ఫార్మసీ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. డాక్టర్లు ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి కనబడలేదు, రెండు చీటీలూ కలిసి కనిపించే చోటు ఈ భూప్రపంచంలో ఒక్క మందుల కౌంటరే. ఆ కౌంటరు వెనుక చదువుకున్న మనిషిని నిలబెట్టాలని చట్టం చేసినవాళ్ళు ఊరికే సరదాకు చేయలేదు.

చట్టం మాట వచ్చింది గనుక దాని వయసు కూడా చెప్పుకుందాం. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివారు డాక్టరు చీటీ మీద మందు ఇవ్వరాదని ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ చెబుతుంది. ఆ చట్టం 1948 మార్చి నాటిది. దానికి మూడేళ్ళ ముందే, 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చీటీ మందులు ఫార్మసిస్టు స్వయంగా గాని, ఆయన కళ్ళెదుట గాని ఇవ్వాలని చెప్పాయి. నేను చాలాకాలం ఆలోచించి కనిపెట్టిందేమిటంటే, 1948 మార్చిలో నల్లగొండ ఇంకా నిజాం ఏలుబడిలో ఉంది, ఊళ్ళన్నీ సాయుధ పోరాటంలో ఉన్నాయి, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది ఆ ఏడాది సెప్టెంబరులో. కాబట్టి ఢిల్లీలో చేసిన ఆ చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోయి, విలీనం సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల నేటికీ అక్కడే నిలబడి ఉంటుందని నా నమ్మకం. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మరో అడుగు వేసి, ఫార్మసిస్టు తెల్లకోటు తొడుక్కోవాలని, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బిళ్ళ పెట్టుకోవాలని, మందు ఎలా వాడాలో, ఎన్నాళ్ళు వాడాలో, దేనితో కలపకూడదో రోగికి విడమరచి చెప్పాలని నిబంధనలు తెచ్చింది. ఫార్మసిస్టులు లేకుండా మందులు పంచితే ప్రజల ప్రాణాలతో ఆడుకున్నట్టేనని బిహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022లో హెచ్చరించింది. పటానికి తెల్లకోటు ఎలా తొడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అయినా మన ఫార్మసిస్టు ఎప్పటికీ పటంలోనే ఉంటాడనుకుంటే పొరపాటు. ఆయనకూ అవతరించే రోజు ఒకటుంది. దాన్ని తనిఖీ అంటారు. డ్రగ్ ఇన్‌స్పెక్టరు బండి నార్కట్‌పల్లి దాటిందన్న కబురు వాట్సాప్‌లో పడగానే ప్రకాశం బజారులో షట్టర్లు ఒకదాని వెనుక ఒకటి దిగుతాయి. ఒక యజమానికి ఆకస్మికంగా మేనమామ పోతాడు, ఇంకొకరికి ఇంట్లో శుభకార్యం పడుతుంది. షట్టరు దించే లోపే దొరికిపోయినవాడు హైదరాబాదుకు ఫోను చేస్తాడు. అవతల ఫార్మసిస్టుగారు ఆఫీసులో కడుపునొప్పి అని చెప్పి, ఎల్బీనగర్‌లో బస్సు పట్టుకుని, చౌటుప్పల్, చిట్యాల మీదుగా తన దుకాణానికి, అంటే తాను ఏనాడూ చూడని తన దుకాణానికి బయలుదేరుతాడు. ఈ లోపల ఇన్‌స్పెక్టరుగారికి టీ వస్తుంది, సమోసా వస్తుంది, బత్తాయి రసం వస్తుంది, ఎండల మీద, వానల మీద, కొత్త బైపాసు మీద సవివరమైన చర్చ జరుగుతుంది.

చివరికి ఆయన వస్తాడు. ఫొటోలోని జుట్టు సగం లేదు గనుక గుర్తుపట్టడానికి అందరికీ కొంత సమయం పడుతుంది. ప్యాకెట్ చింపి తీసిన తెల్లకోటుకు మడతలు అలాగే ఉంటాయి, దానికి కుట్టిన బిళ్ళ మీద ఇంకెవరిదో పేరుంటుంది. నిద్రమాత్ర ఆల్ప్రజోలామ్ ఎక్కడ పెడతారని ఇన్‌స్పెక్టరు అడుగుతాడు. ఫార్మసిస్టు గంభీరంగా అరల వైపు చూస్తాడు, అరలు ఆయన వైపు చూస్తాయి, కుర్రవాడు దగ్గినట్టు చేసి కనుసైగతో మూడో అర చూపిస్తాడు. షెడ్యూల్ హెచ్‌వన్ రిజిస్టరు తెమ్మంటారు. ఇది 2014 మార్చి ఒకటి నుంచి అమల్లోకి వచ్చిన ఏర్పాటు. సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, నిద్ర మాత్రలు మొదలైన కొన్ని రకాల మందులు అమ్మినప్పుడల్లా రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. రిజిస్టరు వస్తుంది. ఆరు నెలల అమ్మకాలు ఒకే నీలి సిరాతో, ఒకే దస్తూరిలో, ఒకే రాత్రి రాసినట్టు ముత్యాల్లా ఉంటాయి. రోగులందరి పేరూ లక్ష్మి, చిరునామా నల్లగొండ. డాక్టరు పేరు ఉండవలసిన గడిలో డాక్టరు అనే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే ఒక ముసలామె వచ్చి, "రెండు ఎర్రగోలీలు, రెండు తెల్లగోలీలు ఇయ్యి కొడుకా, ఎప్పటియే" అంటుంది. కుర్రవాడి చేయి అలవాటుగా కత్తెర వైపు పోయి, ఇన్‌స్పెక్టరును చూసి వెనక్కి వస్తుంది. ఫార్మసిస్టుగారికి చదువు ఒక్కసారిగా గుర్తుకొచ్చి, గొంతు సవరించుకుని, "చీటీ ఉందా అమ్మా?" అని అడుగుతాడు. దుకాణం పెట్టిన నాటి నుంచి ఆ నాలుగు గోడల మధ్య ఎవరూ అడగని ప్రశ్న అది. ముసలామె ఆయన్ని నఖశిఖపర్యంతం చూసి, కుర్రవాడి వైపు తిరిగి, "ఎవల్రా ఈయన, కొత్తగ వెట్టుకున్నరా? జర నేర్పుండ్రి" అంటుంది. తనిఖీ ముగుస్తుంది. సాయంత్రం బస్సుకు ఆయన వెళ్ళిపోతాడు. చామంతి పువ్వు మళ్ళీ పైకెక్కుతుంది.

యజమానుల బాధ కూడా వినాలి. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద 2013 నాటి ఉత్తర్వు చిల్లర వ్యాపారికి లెక్కకట్టిన వాటా పదహారు శాతం. అందులోంచి కిరాయి, కరెంటు, కుర్రవాడి జీతం పోవాలి. ఎదురుగా పెద్ద కంపెనీ గొలుసు దుకాణం ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెడుతుంది, ఫోనులో ఇంకొకరు ఇంటికే తెచ్చిస్తామంటారు. ఈ లెక్కలో ఫార్మసిస్టు జీతం ఇమడదని వాళ్ళంటే నమ్ముతాను. నమ్మలేనిదల్లా, అంత నష్టం వచ్చే వ్యాపారం సందుకు నాలుగు చొప్పున ఎందుకు పుట్టుకొస్తున్నదన్నదే. ముద్రించిన ధరలో కొద్ది భాగానికే కొనే జెనరిక్ గోలీని ముద్రించిన ధరకే అమ్ముతున్నప్పుడు ఈ పదహారు శాతం కన్నీళ్ళు ఏ అర కింద దాచిపెడతారో ఎవరికీ తెలియదు.

చౌటుప్పల్ 2016 దాకా మన జిల్లాలోనే ఉండేది. దేశదేశాలకు పోయే మందుల ముడిసరుకు అక్కడ తయారవుతుంది, ఆ వాసన హైవే మీద బస్సు కిటికీలోంచి కూడా తెలుస్తుంది. మందు తయారుచేసే తెలివి మనకుంది, ఆ మందును తిన్నాక వేసుకోవాలా తినకముందు వేసుకోవాలా అని చెప్పే నోరే కౌంటరు వెనుక లేదు.

ప్రజారోగ్యంలో మందుల దుకాణానికి ఏం పాత్ర ఉందని ఎవరైనా అడిగితే మన ప్రభుత్వానికి సమాధానం తెలుసు. ఎందుకంటే ఒకసారి చెప్పింది కూడా. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, జ్వరం, దగ్గు, జలుబు మందులు కొనేవారి పేర్లు, ఫోను నంబర్లు రాసి అధికారులకు ఇవ్వాలని మెడికల్ షాపులకు ఆదేశాలు వచ్చాయి. రోగం వచ్చినవాడు ముందుగా దవాఖానకు పోడని, మెడికల్ షాపుకు పోతాడని, కనుక రోగం ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఆ కౌంటరు దగ్గర నిలబడాలని సర్కారుకు అప్పుడు జ్ఞానోదయం అయింది. కరోనా పోయింది, జ్ఞానం కూడా దానితోనే పోయింది.

నిజమైన ఫార్మసిస్టు ఆ కౌంటరు వెనుక ఉంటే ఏం జరుగుతుందో ఒక్క దగ్గు సంగతి చూస్తే చాలు. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చినవాణ్ణి కఫం పరీక్షకు పంపాలన్నది క్షయ నివారణ కార్యక్రమం మొదటి పాఠం. మన కుర్రవాడు ఏం చేస్తాడు? లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులకు ఇస్తాడు. ఆ మందు క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది గనుక దగ్గు కాస్త తగ్గుతుంది, రోగి సంతోషిస్తాడు, కుర్రవాడి హస్తవాసి మంచిదన్న పేరు వస్తుంది. రోగం మాత్రం పోదు. కొన్నాళ్ళకు తిరగబెట్టేసరికి నిర్ధారణ ఆలస్యమవుతుంది, ఆ లోపల ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది. పైగా మొండి క్షయకు వాడవలసిన మందుల్లో ఒకటైన ఈ లెవోఫ్లాక్సాసిన్‌కే క్రిమి అలవాటు పడే ప్రమాదం ఉంటుంది. క్షయ మందులు అమ్మే దుకాణదారు ఆ రోగి వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలని 2018 మార్చిలో కేంద్రం గెజిట్ కూడా ఇచ్చింది. గెజిట్‌ను పటం కట్టించి పెట్టుకునే ఆచారం మన దగ్గర ఇంకా మొదలుకాలేదు.

పసిపిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్, దానితో పాటు పది నుంచి పద్నాలుగు రోజుల జింక్ అన్నది ఎక్కడైనా ఒకటే మాట. ఇక్కడ ముందుగా యాంటీబయాటిక్ సీసా, ఆపైన "ఇది కూడా తీస్కపోండ్రి" అని ఒక రంగునీళ్ళ పొట్లం. ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. మన ఎండలు నలభై నాలుగు డిగ్రీలు దాటుతాయి. దుకాణం మూసేటప్పుడు కరెంటు బిల్లు గుర్తొచ్చి ఫ్రిజ్ స్విచ్చి ఆపేస్తే, పెరుగు డబ్బాకీ ఇన్సులిన్‌కీ కలిగే కష్టం ఒక్కటే గాని, పెరుగు పులిస్తే మనకు తెలుస్తుంది. ఇక జ్వరం సెట్టు గురించి నేను చెప్పవలసింది లేదు, నల్లగొండలో పుట్టి అది మింగనివాడు లేడు. ఒక పారాసెటమాల్, ఒక యాంటీబయాటిక్, ఒక జలుబు గోలి, ఒక గ్యాసు గోలి, ఒక బలం గోలి, రెండో రోజుకూ తగ్గకపోతే వాటి మధ్య ఒక చిన్న తెల్లగోలి. ఆ చిన్నదాని పేరు అడగకూడదు. అడిగినా స్ట్రిప్పు మీద చూసే వీలు లేదు, పేరు, గడువు తేదీ, చీటీ లేకుండా అమ్మరాదని చెప్పే ఎర్రగీత, అన్నీ కత్తెరకు అవతలి ముక్కలో ఉండిపోయాయి.

ఇంగ్లండులో 2024 జనవరి నుంచి ఏడు చిన్న జబ్బులకు డాక్టరు దగ్గరికి పోనవసరం లేకుండా ఫార్మసిస్టే చూసి మందు ఇచ్చే ఏర్పాటు చేశారట. శిక్షణ, లిఖిత నియమాలు, రికార్డులు, చాలా హడావిడి. మన కుర్రవాడు ఏ హడావిడీ లేకుండా డెబ్బై జబ్బులకు ఇస్తున్నాడు. ఆ దేశం మన కన్నా పదింతలు వెనుకబడి ఉందన్నది సామాన్య గణితం.

మా పెద్దమ్మ మోకాళ్ళ దగ్గరికి వస్తాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు మోకాళ్ళ నొప్పి అంటే వయసు మీరిన నొప్పి ఒక్కటే కాదు. తరతరాలుగా బావుల్లోంచి, బోర్లలోంచి తాగిన ఫ్లోరైడు నీళ్ళు ఎముకల్లో పేరుకుని, నడుములు వంచి, కీళ్ళు బిగించి, ముప్పై ఏళ్ళవాణ్ణి డెబ్బై ఏళ్ళవాడిలా నడిపించిన నేల అది. పటికా సున్నమూ కలిపి నీటిలోని ఫ్లోరైడును తీసే పద్ధతికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రజ్ఞులు నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు, ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడు పాఠం చెప్పినా మన ఊరి పేరు చెబుతారు. మిషన్ భగీరథతో నదుల నీళ్ళు వచ్చాయి, మంచిదే. నీళ్ళు మారినంత మాత్రాన వంగిన ఎముక నిటారు కాదు. వంగిపోయిన ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు. ఉన్నది నొప్పి, ఆ నొప్పికి దొరికేది గోలి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పదేళ్ళు, ఇరవై ఏళ్ళు. కూలికి పోవాలంటే గోలి, నాటుకు వంగాలంటే గోలి, రాత్రి కంటిమీద కునుకు పడాలంటే గోలి. ఎవడు అడిగాడు వాళ్ళను, రోజుకు ఎన్ని వేసుకుంటున్నావు అని? ఎన్నేళ్ళుగా అని? మూత్రం తగ్గిందా, కాళ్ళు వాచాయా, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి చేయించుకో అని ఎవడు చెప్పాడు? చెప్పవలసినవాడు గోడకు వేలాడుతున్నాడు! నీళ్ళు విషమై ఎముకలు పోగొట్టుకున్నవాళ్ళకు మందు పేరుతో మూత్రపిండాలు కూడా తీసేస్తున్నాం, రూపాయి రూపాయి తీసుకుని, కత్తెరతో కోసి, పాత పేపరు పొట్లంలో కట్టి. ఆ తర్వాత ఆరోగ్యశ్రీ కింద వారానికి రెండు మూడు మార్లు డయాలసిస్ చేయిస్తాం, దానికి మళ్ళీ నాయకులు రిబ్బను కోస్తారు. ఒక మనిషిని రోజంతా కౌంటరు వెనుక నిలబెట్టడానికి డబ్బు లేని వ్యవస్థకు, జీవితాంతం ఒక మనిషి రక్తాన్ని యంత్రంలో కడగడానికి డబ్బుంది. ఇది దుకాణదారుల అత్యాశ ఒక్కటే అయితే ఇంత కోపం రాదు. తెలిసి సంతకం పెట్టేవాళ్ళు, తెలిసి టీ తాగి పోయేవాళ్ళు, తెలిసి నెలనెలా అకౌంటులో కిరాయి చూసుకునేవాళ్ళు, వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు. ఆ మూడు మందులు కలిస్తే ఏమవుతుందో పరీక్షలో రాసి పాసైనవాళ్ళు.

పట్టా అద్దెకిచ్చే పిల్లల మీద నాకు కోపంతో పాటు జాలి కూడా ఉంది. బీఫార్మసీ నాలుగేళ్ళు, 2008లో మొదలైన ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) అయితే ఆరేళ్ళు. ఆరేళ్ళు చదివి వచ్చినవాడికి కౌంటరు దగ్గర ఇవ్వజూపే జీతం, ఆ దుకాణం ముందు బండి పెట్టుకున్న మిర్చీ బజ్జీల ఆయన సంపాదనలో సగం ఉండదు. ఇంట్లో పెద్దలే చెబుతారు, నిలబడితే ఏమొస్తుంది, గోడకు పెట్టుకోనియ్యి, నువ్వు హైదరాబాదు పో అని.

అలా పోనని పట్టుబట్టిన ఒక అమ్మాయి సంగతి నాకు తెలుసు. ఫార్మ్‌డీ చదివి, మన జిల్లాలోనే ఒక చిన్న పట్నంలో, ఒక దుకాణంలో నిజంగానే కోటు తొడుక్కుని నిలబడింది. చీటీ అడిగేది. రెండు చీటీలు ఉంటే పక్కపక్కన పెట్టి చూసేది. స్ట్రిప్పు కోయవలసివస్తే గడువు తేదీ రోగి వైపు ముక్కలో ఉండేలా కోసేది. దగ్గుతో వచ్చినవాళ్ళను ఎన్నాళ్ళ నుంచి అని అడిగి ప్రభుత్వ దవాఖానకు పంపేది. ఊళ్ళో పేరు వచ్చింది, కానీ అది వేరే రకం పేరు. "ఆ పిల్ల శాన సతాయిస్తది, పక్క దుకాణంల అడగంగనే ఇస్తరు" అన్నారు. అన్నది ఎవరో కాదు, బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, మనలాంటి వార్తాపత్రిక చదివే పెద్దమనుషులే. ఒకాయన లెవోఫ్లాక్సాసిన్ ఇవ్వలేదని కౌంటరు మీద చేయి చరిచి, నువ్వు డాక్టరువా అని అరిచాడు. కాదండీ, అందుకే ఇవ్వడం లేదు అని ఆమె చెప్పింది. నెల తిరగకముందే యజమాని ఆమెను పిలిచి, అమ్మా నువ్వు రాకపోయినా జీతంలో సగం ఇస్తాను, సర్టిఫికెట్ మాత్రం ఉంచు, అన్నాడట. ఆమె సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడామె హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేస్తున్నది. అమెరికాలో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో, డాక్టరు ఏమి చేశాడో రాత్రంతా కూర్చుని ఒక్కొక్క కాగితమూ శ్రద్ధగా చదువుతుందట. తప్పు కనిపిస్తే ఆపుతుందట, ఆపినందుకు అక్కడ మెచ్చుకుంటారట. ఇక్కడ ఆ దుకాణంలో రద్దీ పెరిగిందని, పక్క గది కూడా కిరాయికి తీసుకున్నారని మొన్న ఎవరో చెప్పారు.